బోస్టన్ చలిలో భీమవరం డాక్టరు

వికారాబాద్‌లో డిసెంబరు వచ్చిందంటే పొద్దున ఎనిమిదైనా అనంతగిరి గుట్టలు కనపడవు, అంతా మంచే. తాండూరులో మా అత్తగారింట్లో నేలంతా నాపబండలే కదా, మంచం దిగి కాలు కింద పెట్టాలంటే ప్రాణం మీదికొస్తుంది. ఈపాటి చలికే స్వెట్టర్లు, మఫ్లర్లు అంటూ ఇల్లంతా హడావిడి చేస్తాం. అలాంటి పొద్దుల్లో నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు అరటిపళ్ళు అమ్ముకుందామని కాశీకి పారిపోబోతే తల్లి వెంకమ్మగారు వెనక్కి పట్టుకొచ్చింది. భర్త పోయాక నగలు అమ్మి మరీ కొడుకుని చదివించిందావిడ. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి మాట మీద ఖద్దరు వేసుకున్నందుకు దొరగారికి కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్. రావలసినవాడికి ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ మధ్యలోనే అన్నా తమ్ముడూ స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఇంట్లో రెండు చావులు చూసిన మనిషికి ఆ జబ్బు అంతు తేల్చాలని పట్టుదల రాదూ?

మామగారూ, కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మనిధి వారూ సాయం చేస్తే ఓడెక్కి, 1923 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. చేతిలో వంద డాలర్లు.

అక్టోబరు చివర అంటే అక్కడ చెట్లు ఆకులు రాల్చేసే కాలం. ఇంకో నెల గడిస్తే మంచు మొదలు. మద్రాసులో ఏడాదంతా ఉక్కపోతే. అలాంటి చోటి నుంచి వెళ్ళినవాడికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఊరు, నోరు తెరిస్తే పొగలా వచ్చే ఊపిరి, గడ్డకట్టే నది ఎంత వింతగా తోచాయో! పలకరించే తెలుగు గొంతు ఎక్కడ దొరుకుతుంది? చదువు హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో. అంటే మన ఉష్ణదేశపు జబ్బుల గురించి ఆ మంచులో కూర్చుని నేర్చుకోవడం! అక్కడ వైద్యం చేసే అనుమతి లేదు, డబ్బు చాలదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. మనింట్లో మగవాళ్ళు కాఫీ కప్పు కడగడానికే ముఖం చిట్లిస్తారు, డాక్టరు పట్టా చేతిలో ఉన్నాయన ఆ పని చేశారు.

తర్వాత సంగతులు చాలామందికి తెలిసినవే. 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్పరస్‌ని కొలిచే పద్ధతి, ఆపైన ఒంట్లో శక్తికి ఆధారమైన ఎ.టి.పి., 1930లో పిహెచ్.డి. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి పనికొచ్చిన మందు అది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆస్పత్రిలో ఇచ్చే రక్తం మాత్రల్లో ఉండేదీ అదే. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడి పరిశోధనే. గోదావరి జిల్లాలవాళ్ళకి బోదకాలంటే ఏమిటో వేరే చెప్పాలా!

నాకు మాత్రం ఇదంతా చదివినప్పుడల్లా మనసు శేషగిరి గారి దగ్గరే ఆగిపోతుంది. 1919లో పెళ్ళయింది. భర్త ఓడెక్కేనాటికి ఆవిడ కడుపుతో ఉంది. మగపిల్లాడు పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు. కొన్నాళ్ళకే తిరిగొస్తాననుకుని వెళ్ళిన మనిషి పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఇటు రాలేదు. పోనీ అక్కడివాడైపోయాడా అంటే అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. ఇంటి ఖర్చుకి డబ్బు పంపితే సరిపోతుందా అని ఒకోసారి కోపం వస్తుంది. మా చెల్లెలి కాన్పప్పుడు ఆ మాత్రల పట్టీ చేతిలోకి తీసుకుంటే ఆ కోపం కాస్తా ఎటో పోయింది. ఏమనాలో ఇప్పటికీ నాకు తేలలేదు.

1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు. శేషగిరిగారికి ఆయన చివరి చూపు కూడా దక్కలేదు.