ఓడల లెక్కలు చూసిన గుమాస్తా

ఎక్కడో ఒక దేశంలో ఒక జాతి ప్రజలను ఊళ్లకు ఊళ్లుగా చంపుతున్నారన్న వార్త పేపరులో చదువుతాం. అయ్యో పాపం అనుకుంటాం. భక్తిగల ఇంట్లో అయితే ఆ రాత్రి జపమాలతోపాటు వారి కోసం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెబుతారు. మంచిదే. కాని మరునాటికి అంతా మరచిపోతాం. అంత దూరాన జరిగేదానికి రెక్కాడితేగాని డొక్కాడని మనలాంటివాళ్లం ఏం చేయగలం అని మనసుకు మనమే సర్దిచెప్పుకుంటాం. ఈ వారం చెప్పబోయేది అలా సర్దిచెప్పుకోలేకపోయిన ఒక గుమాస్తా కథ. ఆయన పునీతుడు కాదు, రాజూ కాదు, గురువూ కాదు. జీతం చాలక సాయంత్రాలు పత్రికలకు రాసుకుంటూ పెళ్లాం బిడ్డలను పోషించుకున్న మనిషి. పేరు ఎడ్మండ్ మోరెల్.

మోరెల్ 1873లో పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఇంగ్లీషు వనిత. నాలుగేళ్ల ప్రాయంలోనే తండ్రి పోయాడు. తల్లి పిల్లవాణ్ణి ఇంగ్లండు బడిలో చదివించింది. పదిహేనేళ్లకే చదువు మాని పనిలో చేరవలసివచ్చింది. 1891లో లివర్‌పూల్ రేవులోని ఎల్డర్ డెంప్‌స్టర్ అనే ఓడల కంపెనీలో గుమాస్తాగా కుదిరాడు. ఫ్రెంచి భాష వచ్చు గనుక, కంపెనీ వారు ఆయనను తరచు బెల్జియం దేశానికి పంపేవారు. అక్కడి ఆంట్వెర్ప్ రేవులో కాంగోనుంచి వచ్చే ఓడల సరుకు లెక్కలు చూడడం ఆయన పని.

ఆ కాలంలో ఆఫ్రికాలోని కాంగో ఏ ప్రభుత్వానికీ చెందినది కాదు. బెల్జియం రాజు రెండవ లియోపోల్డు సొంత ఆస్తి. 1885లో యూరపు రాజ్యాలు దానిని ఆయనకు అప్పగించాయి. బానిస వ్యాపారం మాన్పిస్తాను, నాగరికత నేర్పిస్తాను, మిషనరీలకు తోడ్పడతాను అని ఆయన లోకానికి మాట ఇచ్చాడు. ఆ మాటను లోకం నమ్మింది. ఆయన మాత్రం కాంగో గడ్డమీద కాలైనా పెట్టలేదు.

మోరెల్ ఓడలు చూశాడు. వచ్చే ఓడల నిండా రబ్బరు, ఏనుగు దంతాలు. సైకిళ్లకు, మోటారు కార్లకు టైర్లు వచ్చిన రోజులు గనుక రబ్బరు బంగారంలా అమ్ముడుపోయేది. మరి తిరిగి వెళ్లే ఓడల్లో ఏముంది? బట్టలా, పనిముట్లా, ఉప్పా? అటువంటిది చాలా కొద్ది. ఎక్కువగా తుపాకులు, తూటాలు, సైనికాధికారులు. మోరెల్ ఆలోచించాడు. కోట్ల విలువైన సరుకు వస్తోంది. దానికి మారుగా ఆ ప్రజలకు ఏమీ పోవడం లేదు. వ్యాపారమైతే ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి. ఇవ్వడం లేదంటే గుంజుకుంటున్నారన్నమాట. ఆ తుపాకులు అందుకేనన్నమాట. అప్పటికి ఆయన కాంగోను కంటితో చూడలేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ చూడలేదు. తన బల్లమీది లెక్కల పుస్తకాలే ఆయనకు ఆ ఘోరాన్ని చూపాయి.

నిజం అంతకంటె దారుణం. ఊరికింత రబ్బరు తేవాలని లెక్క కట్టేవారు. మగవాళ్లు అడవికి పోయి రబ్బరు తెచ్చేదాకా ఆడవాళ్లను కొట్టంలో బంధించేవారు. ఎదురు తిరిగిన ఊరిని తగలబెట్టేవారు. తూటా వృథా చేయలేదని రుజువు చూపడానికి సైనికులు చచ్చినవారి కుడిచేయి నరికి తేవాలి. కొన్నిచోట్ల బతికున్నవారి చేతులు కూడా నరికారు. చంపడంవల్ల, ఆకలివల్ల, జబ్బులవల్ల ఆ కాలంలో కాంగో జనం సగానికి తగ్గిపోయారని పలువురు చరిత్రకారుల అంచనా. నిర్మూలించాలన్న ఉద్దేశంతో కాక లాభం కోసం జరిగింది గనుక దీనిని జాతిహత్య అనవచ్చునా అని పండితులు వాదిస్తారు. చచ్చినవారికి ఆ వాదంతో పని లేదు.

మోరెల్ తన యజమానికి విషయం చెప్పాడు. ఆ యజమాని లివర్‌పూల్‌లో కాంగో రాజ్యానికి కాన్సలు కూడా. నోరు మూసుకుంటే ప్రమోషను, పెద్ద జీతం దొరికేవి. ఇంట్లో భార్య మేరీ, చిన్నపిల్లలు. 1901లో మోరెల్ ఉద్యోగం వదులుకున్నాడు. 1903లో సొంతంగా ఒక వారపత్రిక పెట్టాడు. అదే ఏడు బ్రిటిషు పార్లమెంటు కాంగో విషయమై తీర్మానం చేసింది. కాంగోలో ఉన్న రోజర్ కేస్‌మెంట్ అనే కాన్సలు లోతట్టు ఊళ్లు తిరిగి నివేదిక ఇచ్చాడు. 1904 మార్చిలో వారిద్దరి చొరవతో లివర్‌పూల్‌లో కాంగో సంస్కరణ సంఘం ఏర్పడింది. దాని మొదటి చందా కేస్‌మెంట్ తన జేబులోంచి ఇచ్చిన 100 పౌండ్లు.

ఇక్కడే మనలాంటివారి పని మొదలైంది. ఆలిస్ హారిస్ అనే బాప్టిస్టు మిషనరీ కాంగోలో ఫోటోలు తీసింది. చిన్నారి కూతురి నరికిన చేతిని, పాదాన్ని ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్న తండ్రి ఫోటో వాటిలో ఒకటి. ఆమె, ఆమె భర్త ఊరూరా తిరిగి, దేవాలయాల్లోను సభామందిరాల్లోను తెరమీద ఆ బొమ్మలు చూపారు. చూసినవారు కన్నీరు తుడుచుకుని ఊరుకోలేదు. చందాలు వేశారు. తమ పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాశారు. తీర్మానాలు చేసి పంపారు. మోరెల్ ఒక్కడే వేలకొద్దీ ఉత్తరాలు రాశాడు. తనకు అందిన ప్రతి సాక్ష్యాన్నీ సరిచూసుకునేవాడు. ఒక్క అబద్ధం దొర్లినా శత్రువు నూరు నిజాలను కొట్టిపారేస్తాడని ఆయనకు తెలుసు.

కాంగోలో సాక్ష్యం చెప్పినవారి ధైర్యం ఇంకా గొప్పది. బోమాలో స్థిరపడిన షాను అనే నల్లజాతి వ్యాపారి మోరెల్‌కు రహస్యంగా కాగితాలు పంపాడు. సంగతి బయటపడ్డాక అధికారులు ఆయన వ్యాపారాన్ని నాశనం చేశారు. 1905లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. లోకం నోరు మూయించడానికి రాజే వేసిన విచారణ సంఘం ముందుకు లొంటులు అనే గ్రామపెద్ద వచ్చి 110 పుల్లలు పేర్చాడు. ఒక్కొక్క పుల్ల చచ్చిన తనవారిలో ఒక్కొక్కరు. రాజు వేసిన ఆ సంఘమే 1905లో ఆరోపణలు నిజమని తేల్చింది.

ఇక కథోలికులమైన మనం తలవంచుకోవలసిన సంగతి ఒకటుంది. రాజు కథోలికుడు, నేరం మోపేవారిలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఇది మన మతంమీద కుట్ర అని రాజు మనుషులు ప్రచారం చేస్తే చాలామంది కథోలికులు నమ్మారు. అమెరికాలో కార్డినల్ గిబ్బన్సు అంతటివారే రాజు పక్షం వహించారు. చెప్పినవాడు మనవాడా పరాయివాడా అని చూశారేగాని, చెప్పింది నిజమా కాదా అని చూడలేదు. అయితే బెల్జియం దేశంలోనే ఆర్థర్ వెర్మీర్ష్ అనే యేసుసభ గురువు, నీతిశాస్త్ర పండితుడు, 1906లో ఒక గ్రంథం రాసి ఆ పాలనను గట్టిగా ఖండించారు. తన దేశం, తన రాజు, తన మతం అని ఆయన వెనుకాడలేదు. శ్రీసభ పరువును కాపాడింది తప్పును కప్పిపుచ్చినవారు కాదు, ఆ గురువు.

1908 నవంబరులో లియోపోల్డు కాంగోను వదులుకోవలసివచ్చింది. బెల్జియం ప్రభుత్వం దానిని తీసుకుంది. అప్పగించేముందు కాగితాలన్నీ కాల్చివేయించాడు. ఆ తర్వాత చేతులు నరకడం, ఊళ్లు కాల్చడం చాలావరకు తగ్గాయి. వెట్టిచాకిరి మాత్రం అంతటితో పోలేదు. మోరెల్ ఇంకా అయిదేళ్లు కనిపెట్టి చూసి, 1913లో సంఘాన్ని ముగించాడు. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించి 1917లో జైలుకు వెళ్లాడు. 1922లో డండీ నగరంలో చర్చిల్ ఓడిన ఎన్నికలో పార్లమెంటుకు గెలిచాడు. 1924లో కన్నుమూశాడు. ఆయనలోనూ మచ్చ ఉంది. 1920లో జర్మనీలో కాపలా ఉన్న ఆఫ్రికా సైనికులమీద జాతిద్వేషంతో రాతలు రాశాడు. ఒకప్పుడు ఎవరికోసం పోరాడాడో ఆ జాతినే కించపరచాడు. ఒక మంచి పని చేసినంత మాత్రాన మన హృదయం పూర్తిగా శుద్ధి కాదని ఇందువల్ల నేర్చుకోవాలి.

1948లో ఐక్యరాజ్యసమితి జాతిహత్యను నేరంగా ప్రకటించే ఒప్పందం చేసింది. 1959లో మన దేశమూ దానిని ఆమోదించింది. అయినా 1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షలమందిని చంపారు. అప్పట్లో అక్కడి జనంలో ఎక్కువమంది కథోలికులే. కొందరు గురువులు, మఠవాసులు కూడా ఆ పాపంలో పాలుపంచుకున్నందుకు 2017లో ఫ్రాన్సిస్ పాపుగారు దేవుని క్షమాపణ వేడుకున్నారు. చట్టం ఉన్నంత మాత్రాన చాలదు. దానిని అమలు జరపమని అడిగే నోళ్లు కావాలి.

ప్రియ పాఠకులారా, మనకు ఓడలు లేవు, పత్రికలు లేవు. కాని ఓటు ఉంది, పోస్టు కార్డు ఉంది. మన ఎం.పి.కి ఒక విచారణనుంచి రెండువందల కుటుంబాలు సంతకం చేసి, మన ప్రభుత్వం ఫలానా దేశపు హత్యాకాండను గురించి ఐక్యరాజ్యసమితిలో మాట్లాడాలని కోరితే, ఆయన దానిని చించి పారేయలేడు. పారిపోయి వచ్చినవారికి అన్నం పెట్టే సంస్థలకు తపస్సుకాలంలో మిగిల్చిన డబ్బు పంపవచ్చు. విన్న వార్తను సరిచూసుకోకుండా పదిమందికి చేరవేయకుండా ఉండవచ్చు. చచ్చేవాళ్లు మనవాళ్లు కారు, చంపేవాళ్లు మనవాళ్లు అని తెలిసిన రోజున కూడా ఆ సంతకం పెట్టగలమా అన్నదే అసలు పరీక్ష.

మంచి సమరీయుని కథ ప్రతి ఏడూ వింటాం. గాయపడి పడిఉన్నవాడు ఆయన ఊరివాడు కాదు, ఆయన జాతివాడు కాదు. ఆయన చేసిన మొదటి పని ఆగి చూడడం. లివర్‌పూల్ గుమాస్తా చేసింది కూడా అదే. రేపు పేపరులో అటువంటి వార్త కనబడితే, పేజీ తిప్పేముందు మనం కూడా ఒక్క క్షణం ఆగుదాం.