దుఃఖితుల ఆప్తురాలు క్లారా బార్టన్

మరణవార్త వచ్చిన యింట ఏడ్పుండును. యుద్ధమునకు పోయిన కుమారుని గూర్చి ఏ వార్తయు రాని యింట ఏడ్చుటకు సయితము వీలుండదు. అట్టి యిండ్లకు నిజము తెలుపుటయే తన పనిగా చేసికొనిన మహనీయురాలి చరిత్రను మా బాలబాలికలకు, వారి తల్లిదండ్రులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

క్లారా బార్టన్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 1821 డిసెంబరు 25వ తేదీన జన్మించెను. బాల్యమున ఆమె మిక్కిలి బిడియము గలది. అన్న డేవిడ్ కప్పుమీదనుండి పడి మంచము పట్టగా, ఆ బాలిక సుమారు రెండేండ్లు అతనికి పరిచర్య చేసెను. పెరిగి పెద్దదై మొదట ఉపాధ్యాయినిగను, పిదప వాషింగ్టను నగరమున ప్రభుత్వ గుమాస్తాగను పనిచేసెను.

1861లో ఆ దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. ఆమె ఆహారమును, కట్టుగుడ్డలను బండ్లపై వేసికొని రణభూమికే పోయి క్షతగాత్రులకు సేవ చేసెను. 1865లో యుద్ధము ముగిసెను గాని వేలకొలది సైనికుల జాడ తెలియకుండెను. అధ్యక్షుడు లింకను అనుమతి పొంది, ఆమె తాను నివసించు గదులలోనే తప్పిపోయిన సైనికుల కార్యాలయమును తెరచెను. దేశము నలుమూలలనుండి ఉత్తరములు వెల్లువగా వచ్చెను. ఆమెయు, ఆమె గుమాస్తాలును పేర్లను పట్టికలుగా అచ్చొత్తించి ఊరూరికి పంపిరి. ఎరిగినవారు వ్రాసిన జాబులనుబట్టి నిజము తేల్చి కుటుంబములకు తెలిపిరి.

ఆండర్సన్‌విల్ చెరలో సుమారు 13,000 మంది ఖైదీలు మరణించిరి. డోరెన్స్ ఎట్వాటర్ అను యువఖైదీ ఆ మృతుల పట్టికకు రహస్యముగా నకలు వ్రాసి దాచియుంచెను. 1865 వేసవిలో ఆమె అతనితోను, ప్రభుత్వము పంపిన పనివారితోను అచ్చటికి పోయెను. ఆ పట్టిక సాయమున సమాధులకు పేరుపలకలు నాటబడెను. పేరు తెలియనివి సుమారు 460 మాత్రమే మిగిలెను.

1868లో కార్యాలయమును మూయునాటికి వచ్చిన ఉత్తరములు 63,000కు పైబడెను. 22,000 మందికి పైగా సైనికుల ఆచూకీ తెలిసెను. వారిలో పెక్కుమంది మృతులే. అయినను ఆ తల్లులకు ఎదురుచూపు తీరెను. తమ బిడ్డ ఎచ్చట నిద్రించుచున్నాడో తెలిసెను.

ఆమె 1881లో అమెరికా రెడ్ క్రాస్ సంస్థను స్థాపించి, 1912 ఏప్రిల్ 12వ తేదీన దివంగతురాలయ్యెను. మరుగుపడిన ఆ కార్యాలయపు గదులు 1996లో తిరిగి బయటపడి, నేడు ప్రదర్శనశాలగా నున్నవి.

ఓదార్పనగా తీయని మాటలు మాత్రమే కావని ఈ చరిత్రవలన మనము గ్రహింపవలెను. మనము నివసించు ప్రాంతమున కచేరీ కాగితములు మన భాషలో నుండవు. ఆప్తుని పోగొట్టుకొన్న ముదుసలి చేతిలోని కాగితమును ఓపికతో చదివి, తెలుగున విప్పి చెప్పి, అవసరమైన అర్జీ వ్రాసిపెట్టు బాలుడును, బాలికయు ఈమె మార్గముననే నడచినవారగుదురు.