1929 క్రాష్‌లో 10 కోట్ల డాలర్లు.. ఐదేళ్లకే దివాళా! జెస్సీ లివర్‌మోర్ జీవితం చెప్పే పాఠాలివే

పరవాడ: ఫార్మా సిటీలో నైట్ షిఫ్ట్ దిగి బస్సెక్కగానే ట్రేడింగ్ యాప్ తెరిచే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే. నెల జీతం పెట్టి ఆప్షన్ కొనడం, పోతే పోయిన చోటే రాబట్టాలని మళ్లీ దిగడం.. ఇదే తంతు. ఈ ఆటలో ప్రపంచంలోనే పేరు మోసిన ఆటగాడి కథ ఒక్కసారి చూడండి.

ఎవరీ లివర్‌మోర్?
1877లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఓ పేద రైతు ఇంట్లో పుట్టాడు. తండ్రి చదువు మాన్పించి పొలం పనికి పెట్టాడు. 14 ఏళ్లకే తల్లి ఇచ్చిన కాస్త డబ్బుతో బోస్టన్ వెళ్లిపోయాడు. ఓ బ్రోకర్ ఆఫీసులో షేర్ల ధరలు బోర్డు మీద రాసే పని దొరికింది. రాస్తూ రాస్తూనే అంకెల కదలిక పసిగట్టేశాడు. తొలి లాభం 3 డాలర్ల 12 సెంట్లు!

అప్పట్లో షేర్లు నిజంగా కొనకుండా ధర మీద పందెం కాసే దుకాణాలుండేవి. మన దగ్గర డబ్బా ట్రేడింగ్ అంటామే, అలాంటివే. అక్కడ వరుసగా గెలవడంతో కుర్రాణ్ని లోపలికే రానివ్వలేదు.

పడితే లాభం
1907లో మార్కెట్ కుదేలైంది. ధరలు పడతాయని ముందే అమ్మేసిన లివర్‌మోర్ లక్షల డాలర్లు సంపాదించాడు. మరుసటి ఏడాదే పత్తిలో మునిగాడు. పక్కవాడి మాట నమ్మి, నష్టాల్లో ఉన్న పత్తిని పట్టుకుని, లాభంలో ఉన్న గోధుమను అమ్మేశాడు. 10 లక్షల డాలర్లకు పైగా అప్పు మిగిలింది. 1915లో దివాళా తీశాడు. చట్టం ప్రకారం కట్టక్కర్లేకపోయినా, మళ్లీ సంపాదించి పాత బాకీలన్నీ తీర్చాడు.

1929 మహా పతనంలో సుమారు 10 కోట్ల డాలర్లు వెనకేశాడని అంచనా. కానీ 1934 నాటికి మళ్లీ దివాళా! 1940లో తన సూత్రాలతో పుస్తకం రాశాడు. అదే ఏడాది నవంబర్ 28న న్యూయార్క్‌లోని ఓ హోటల్లో బలవన్మరణానికి పాల్పడ్డాడు. అప్పటికి వయసు 63.

మనకేంటి పాఠం?
* నష్టం వస్తుంటే ఆపేయాలి, లాభం వస్తుంటే ఆగాలి. ఆయన చెప్పిందిదే, పత్తిలో తప్పిందీ ఇదే.
* టిప్పులు నమ్మొద్దు. ఆయనంతటి వాణ్నే పక్కవాడి మాట ముంచింది.
* గెలిచిన డబ్బులో కొంత పక్కన పెట్టాలి. మొత్తం మళ్లీ పందెంలో పెడితే ఎంతున్నా చాలదు.
* అప్పు చేసి ట్రేడింగ్ అస్సలు వద్దు.

ఇది పాత కథ అనుకోవద్దు. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన సామాన్య ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబర్‌లో తేల్చింది. లివర్‌మోర్‌కి రాత్రీ పగలూ ఇదే పని. మనకు షిఫ్ట్ ఉంది, ఈఎంఐ ఉంది, ఇంట్లో పిల్లలున్నారు.

ఇప్పటికే నష్టపోయి ఉంటే దాచుకోకండి, ముందు ఇంట్లో చెప్పండి. మనసు మరీ కుంగిపోతే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు.