ప్రార్థనా, మందా? గుంటూరు డాక్టరమ్మ జీవితం చెప్పే జవాబు



చౌడేపల్లె పక్క ఊళ్లలో రోగులకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక ఇంట్లో చూసిన సంగతి నన్ను ఇంకా వదలలేదు. ఆ తల్లికి చాలా ఏళ్లుగా షుగరు. ఎక్కడో జరిగిన స్వస్థత కూటానికి వెళ్లివచ్చిన రోజు నుంచి మాత్రలు మానేసింది. మాత్ర మింగితే ప్రభువును అనుమానించినట్లవుతుందని ఎవరో చెప్పారట. కాలి పుండు ముదిరి జ్వరం వచ్చింది. మంచం పక్కన తైలం సీసా ఉంది, మందుల సంచీ దూలానికి వేలాడుతోంది. మందు వేసుకోవడం అవిశ్వాసమా స్వామీ అని ఆమె కూతురు నన్ను అడిగింది. కాదమ్మా, ఇప్పుడే మదనపల్లెకు తీసుకుపో అని పంపించాను. దేవుని దయవల్ల ఆ తల్లి కాలు నిలిచింది.

ఆ బిడ్డకు గడప దగ్గర నిలబడి చెప్పిన జవాబు చాలదు. అసలు జవాబు మన తెలుగు నేలమీద 37 ఏళ్లు జీవించిన ఒక కన్యస్త్రీ జీవితంలో ఉంది. ఆమె పేరు డాక్టర్ మేరీ గ్లోరీ. సభలో ఆమె పేరు తిరుహృదయ సిస్టర్ మేరీ. మీలో పెద్దవాళ్లు గుంటూరు డాక్టరమ్మ అని విని ఉంటారు.

1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక పల్లెటూళ్లో ఆమె పుట్టింది. ఐరిష్ సంతతి కతోలిక కుటుంబం, తొమ్మిదిమంది బిడ్డలు. సాయంత్రం అందరూ కూడి జపమాల చెప్పుకునే ఇల్లు. మంచి గురువులను, మంచి డాక్టర్లను ఇమ్మని రోజూ ప్రార్థించాలని తల్లి వాళ్లకు నేర్పింది. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకోండి. గురువు కోసం, డాక్టరు కోసం ఒకే ప్రార్థన చేసిన ఇల్లు అది. అక్కడ పెరిగిన అమ్మాయికి గుడికీ ఆసుపత్రికీ తగాదా ఉంటుందనే ఆలోచనే రాలేదు.

మేరీ చదువులో చురుకైనది. స్కాలర్‌షిప్పులతోనే మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం చేరి, తండ్రి సలహామీద ఆర్ట్స్ వదలి వైద్యం తీసుకుంది. 1910లో డాక్టరయింది. ఆడ డాక్టరుకు ఆసుపత్రిలో చోటు దొరకడం ఆ రోజుల్లో కష్టం. అందుకే న్యూజీలాండ్ వెళ్లి అక్కడ పనిచేసి తిరిగివచ్చింది. తర్వాత మెల్‌బోర్న్‌లో కంటి వైద్యంలోనూ, స్త్రీల వైద్యంలోనూ మంచి పేరు వచ్చింది. పెద్ద డాక్టర్లుండే వీధిలో సొంత క్లినిక్ పెట్టింది. ఇక ఆమె జీవితానికి లోటేమిటి అని ఎవరైనా అనుకుంటారు.

1915 అక్టోబరు 24 ఆదివారం. ఆ రోజు ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ స్త్రీ గురించినది. పెద్ద వయసులో కతోలిక విశ్వాసంలోకి వచ్చిన ఈ డాక్టరమ్మ, నాటి మన దేశంలోని రావల్పిండిలో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి పెట్టించింది. పరదా మాటున ఉండే స్త్రీలు మగ డాక్టరుకు నాడి కూడా చూపించరు. కాన్పులో తల్లులు, పుట్టిన వెంటనే బిడ్డలు చనిపోయేవారు. ఇది చదివిన మేరీ మోకాళ్లమీద పడిపోయింది. భారతదేశంలో డాక్టరుగా పనిచేయడమే దేవుడు తనకిచ్చిన పిలుపని ఆ రోజే ఆమెకు తెలిసింది.

కాని పిలుపు విన్న మర్నాడే ఓడెక్కలేదు. ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నాలుగేళ్లకు పైగా ఎదురుచూసింది. ఆ కాలాన్ని వృథా చేయలేదు. 1916లో మెల్‌బోర్న్ కతోలిక స్త్రీల సంఘానికి మొదటి అధ్యక్షురాలయింది. భారతదేశంలో అక్కరకొచ్చే ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం చదివి 1919లో ఎం.డి. పట్టా పొందింది. దేవుడు చూసుకుంటాడులే, చదువెందుకు అనుకోలేదు. దేవుని పనికి వెళుతున్నాను గనుక ఇంకా బాగా చదవాలి అనుకుంది. స్వస్థత గురించి మాట్లాడే మనమందరం ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

1920 జనవరిలో బయలుదేరి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరింది. లూర్దు మాత పండుగకు మర్నాడు అది. ఇప్పుడు మనం గుణదల కొండకు వెళ్లివచ్చే రోజులవి. హాలండ్ దేశపు యేసు మరియ జోజప్పల సభ కన్యస్త్రీలు అప్పటికే గుంటూరులో సేవ చేస్తున్నారు. జె.ఎం.జె. సిస్టర్లని మీకందరికీ తెలిసినవారే. మేరీ వారి సభలో చేరింది.

ఇక్కడ ఒక పెద్ద అడ్డు ఉంది. మఠంలో ఉన్నవారు వైద్యవృత్తి చేయకూడదని నాటి శ్రీసభ చట్టం. ముఖ్యంగా కాన్పులు చూడటం బ్రహ్మచర్యపు మాటపట్టుకు తగదని అప్పటి అభిప్రాయం. ఆగ్నెస్ మెక్‌లారెన్ ఈ నియమం సడలించమని రోముకు మొరపెట్టుకుని, ఫలితం చూడకుండానే 1913లో కన్నుమూసింది. మేరీ విషయంలో 15వ బెనెడిక్ట్ జగద్గురువులు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. అలా ఆమె కన్యస్త్రీగా ఉంటూనే డాక్టరుగా పనిచేసింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి డాక్టరు కన్యస్త్రీ ఆమేనని చెబుతారు. మిగతా సభల కన్యస్త్రీలకు ప్రసూతి సేవకు దారి తెరచిన ఉత్తర్వు రోము నుంచి 1936 ఫిబ్రవరి 11న గాని రాలేదు. అంటే 16 ఏళ్ల తర్వాత.

గుంటూరులో ఆమె ఒక చిన్న మందులశాలతో మొదలుపెట్టింది. అదే పునీత జోజప్ప ఆసుపత్రిగా పెరిగింది. చాలా ఏళ్లు కన్యస్త్రీలలో డాక్టరు ఆమె ఒక్కతే. ఆమె చేతిమీదుగా లక్షలాది మందికి వైద్యం అందింది. ఊళ్లకు వెళ్లి చూసింది. స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చూడటం, నర్సు పని నేర్పింది. మన నాటు వైద్యంలోని మూలికలను తక్కువగా చూడకుండా వాటి గుణాలు తెలుసుకుంది. ఒక డాక్టరు ఎన్ని ఊళ్లు తిరగగలదు? పది చేతులకు నేర్పితేనే పల్లెలో తల్లి బతుకుతుందని ఆమె లెక్క.

ఆమె దగ్గరకు వచ్చినవారిలో కూలివాళ్లున్నారు, గొప్పింటి ఆడవాళ్లున్నారు, హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. ఏ కులమని, ఏ మతమని చూడలేదు. నొప్పి ఎవరిదైనా నొప్పే. మన సంగతేమిటి? గుడిలో కూర్చునేటప్పుడు కూడా పక్కన ఎవరున్నారని ఓరకంట చూసేవాళ్లం మనలో ఉన్నాం. ఆసుపత్రి మంచానికి లేని కులం ప్రభువు బల్లకు ఎక్కడినుంచి వచ్చింది?

మన ప్రాంతంలో ఎవరికి జబ్బు ముదిరినా రాయవేలూరుకు తీసుకుపోతాం. అక్కడ 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టిన ఐడా స్కడర్ గారు మన సోదర సంఘానికి చెందినవారు. మదనపల్లె ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి కూడా ఆ సోదరులు నిలబెట్టినదే. అలాంటి కళాశాల కతోలికులకూ ఒకటి ఉండాలని మేరీ కలగన్నది. ఒంటరి ఆసుపత్రులతో అది సాగదని గ్రహించి, 1943 జూలై 29న కొద్దిమంది కన్యస్త్రీలతో కలిసి కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. నేడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసే ఆ సంఘంలో మూడు వేలకు పైగా సంస్థలున్నాయి. ఆమె కలగన్న వైద్య కళాశాల 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ పేరుతో మొదలయింది. చూడటానికి ఆమె లేదు.

ఎందుకంటే చివరి రెండేళ్లు ఆమే రోగి అయింది. క్యాన్సరు. అంత ప్రార్థించిన మనిషికి, అంతమందిని బాగుచేసిన మనిషికి స్వస్థత రాలేదేమి అని మీరడగవచ్చు. ఆమెకు విశ్వాసం తక్కువైందని చెప్పే ధైర్యం ఎవరికైనా ఉందా? రోగం తగ్గకపోతే నీకు విశ్వాసం లేదని బీదవాళ్లమీద నింద మోపే వారు ఈ తల్లి మంచం ముందు నిలబడి ఆ మాట అనగలరా? ఆమె వైద్యం చేయించుకుంది, బాధను సిలువ పాదాల దగ్గర పెట్టింది, 1957 మే 5న బెంగుళూరులో ప్రభువు చెంతకు చేరింది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ప్రియమైన పాఠకులారా, మనిషి ఆత్మ ఒక్కటే కాదు, దేహం ఒక్కటే కాదు. రెండూ కలిసిన ఒకే మనిషిని దేవుడు సృష్టించాడు, ఆ ఒకే మనిషిని రక్షించాడు. వైద్యుణ్ణి గౌరవించాలని, మందులను భూమినుంచి పుట్టించినవాడు దేవుడేనని సీరాపుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం నేర్పుతోంది. ఈ రాత్రి ఇంట్లో చదవండి. ప్రార్థన మానకండి, మందూ మానకండి. రోగి ఉన్న ఇంటివారు అభ్యంగనం కోసం గురువును పిలవండి. చివరి ఊపిరిదాకా ఆగకండి. గురువుకు కబురు పంపే ముందు డాక్టరుకు కబురు పంపినా మేమేమీ అనుకోము.

ఇంకొక్క మాట. నేటి సాయంత్రం జపమాలలో మంచి గురువుల కోసం, మంచి డాక్టర్ల కోసం ఒక మంగళవార్త జపం చెప్పండి. ఆ పల్లెటూరి తల్లి నేర్పిన ప్రార్థనకు జవాబుగా దేవుడు గుంటూరుకు ఒక డాక్టరమ్మను పంపాడు. మీ ప్రార్థనకు జవాబు మీ ఇంట్లోనే, పుస్తకం ముందు కూర్చున్న మీ ఆడబిడ్డ రూపంలో ఉందేమో!

ప్రభువు మీ రోగులను ఆదరించి, మీ ఇండ్లను దీవించునుగాక.