ఓడ పగిలినవారికి అభయం

పౌలు ఎక్కిన ఓడ తుఫానులో బద్దలైనప్పుడు మెలితే ద్వీపవాసులు వారందరినీ చేర్చుకుని, చలికి నిప్పు రాజేసి ఆదరించారని అపొస్తలుల కార్యములలో చదువుతాం. అన్ని తీరాల్లోనూ అలాంటి ఆదరణ దొరికేది కాదు. వాడరేవు నుంచి తీరం వెంట దక్షిణంగా వెళితే వచ్చే మోటుపల్లి ఇందుకు సాక్ష్యం. ఇప్పుడది చిన్న పల్లె. 13వ శతాబ్దంలో దేశదేశాల ఓడలు ఆగిన రేవు.

ఆ రేవు దశ మార్చిన కాకతీయ గణపతిదేవుడు చెర నుంచి సింహాసనానికి వచ్చినవాడు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు, కొడుకు బందీగా చిక్కాడు. రాజు లేని రాజ్యాన్ని సేనాని రేచర్ల రుద్రుడు కాపాడాడు. 1199లో విడుదలై ఓరుగల్లు చేరిన గణపతిదేవుడు అరవై ఏళ్ళకు పైగా పాలించాడు. ఆయన కూడా యుద్ధాలు చేసిన రాజే. అయితే దివిసీమను గెలిచాక అక్కడి పాలక వంశాన్ని తుడిచిపెట్టలేదు. వారి ఆడపడుచులను వివాహమాడి, వారి సోదరుడు జాయపను తన గజసేనకు అధిపతిని చేశాడు.

అంతకుముందు రాజులకు ఒక అలవాటుండేది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదే. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు బిచ్చగాడయ్యేవాడు. 1244-45లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించి ఆ దోపిడీని ఆపాడు. ముప్పైకి ఒకటి చొప్పున సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. భయం తీరిన చోటికి ఓడలు వస్తాయి. ఆయన తర్వాత రుద్రమదేవి ఏలిన ఈ దేశం గురించి, మోటుపల్లి పేరుతోనే, వెనిస్ వర్తకుడు మార్కో పోలో రాశాడు. ఇక్కడి సన్నని బట్టలను, రాణి న్యాయాన్ని మెచ్చుకున్నాడు.

కాకతీయ రాజ్యం పోయింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్ళీ హామీ శాసనం వేయించాడు. పాలకుడు మారితే పాత మాట నిలుస్తుందో లేదోనన్న దిగులు ఎప్పుడూ ఉండేదే.

నేడూ అంతే. ఎక్కడో ఒక దేశంలో నాయకుడు మారితే సుంకాలు మారతాయి, సరిహద్దులు బిగుస్తాయి. ఆ బరువు మన రొయ్యల రైతు మీద, విదేశంలో ఉన్న మన బిడ్డల మీద పడుతుంది. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరి దాకా ఇల్లు చేరలేదు. వారి రాక రెండు ప్రభుత్వాల నిర్ణయం మీద ఆధారపడింది.

అధికారులందరి కొరకు ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు. సంఘంలో మనం మన పాలకుల కొరకే ప్రార్థించి ఊరుకుంటున్నాం. ఈ ఆదివారం పొరుగు దేశాల పాలకులను కూడా ప్రభువు సన్నిధిలో పేరుపేరునా జ్ఞాపకం చేసుకుందాం. ఓడ పగిలి మన ఒడ్డుకు చేరినవారికి మనమూ అభయమిద్దాం.