యంత్రం ఎవరి చేతిలో? - భిలాయి చెప్పిన పాఠం

రాజధానిలో డిజిటల్ స్వేచ్ఛను గురించిన చర్చలకు నేడు కొదవ లేదు. ఫోనులోకి చొరబడే గూఢచారి సాఫ్ట్‌వేర్, మనిషి ముఖాన్ని గుర్తుపట్టే కెమేరా, ఉద్యోగాలకు ఎసరు పెట్టగల కృత్రిమ మేధ, వీటిపై ఆందోళన చెందేవారు పాత వైజ్ఞానిక కల్పనా సాహిత్యాన్ని తప్పక ప్రస్తావిస్తారు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకం ద్వారా రోబో అన్న మాట లోకానికి తెలిసింది. వెట్టిచాకిరీ అనే అర్థమున్న చెక్ మాట నుండి పుట్టిన ఆ పదాన్ని మనం మరమనిషి అని తెలుగు చేసుకున్నాము. చౌకగా చాకిరీ చేయించుకోవడానికి సృష్టించిన మరమనుషులే చివరకు మానవజాతిపై తిరగబడడం ఆ నాటకంలోని కథ.

ఈ చర్చలు విన్నప్పుడల్లా నా మనస్సు భిలాయి వైపు మళ్ళుతుంది. యంత్రం కావాలా, వద్దా అన్న వాదంలో చిక్కుకొనక, యంత్రం ఎవరి అదుపులో, ఎవరి మేలు కొరకు నడవాలని నిలదీసిన శంకర్ గుహా నియోగి అక్కడి నాయకుడు కావడమే అందుకు కారణం.

సోవియట్ సహకారంతో వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పొట్ట చేతపట్టుకొని వివిధ ప్రాంతాల నుండి జనం అక్కడికి చేరుకున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. 1943లో బెంగాలీ మధ్యతరగతి కుటుంబంలో జన్మించిన నియోగి కూడా 1960 దశకం తొలినాళ్ళలో అలా వచ్చినవారే. ఆయన అసలు పేరు ధీరేశ్. కర్మాగారంలోని కోక్ ఓవెన్ విభాగంలో పనిచేస్తూ కార్మికులను కూడగట్టినందుకు ఉద్యోగం పోయింది. కొంతకాలం నక్సలైటు రాజకీయాలతో సంబంధం పెట్టుకొని, ప్రజాసంఘాల పట్ల వారి వైఖరి నచ్చక విడిపోయారు. అటుపిమ్మట శంకర్ అనే పేరుతో పల్లెలలో తిరిగి, దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో కూలిగా చేరారు. గనిలో పనిచేసే ఆశా అనే యువతిని వివాహమాడారు. అత్యవసర పరిస్థితిలో మీసా చట్టం క్రింద జైలు పాలైనారు.

1977లో విడుదలై వచ్చేనాటికి దల్లీ రాజహరా గనుల కాంట్రాక్టు కార్మికులు ఉన్న సంఘాలపై నమ్మకం కోల్పోయి ఉన్నారు. భిలాయి కొలిములకు ఇనుప ఖనిజం అందించేది ఆ గనులే. కార్మికులు నియోగిని ఆహ్వానించగా ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. ఆ ఏడు జూన్ 2, 3 తేదీలలో జరిగిన పోలీసు కాల్పులలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దెబ్బతో సంఘం చెదిరిపోలేదు; అంతకంతకు బలపడింది.

అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. గనులను పూర్తిగా యంత్రీకరించాలన్న ప్రయత్నం ముందుకు వచ్చింది. దాని పర్యవసానం ఎటువంటిదో బైలాడిలా అప్పటికే చూపింది. ఆ ఖనిజం కొత్తవలస రైలు మార్గం మీదుగా మన విశాఖ రేవుకు చేరుతుంది కనుక తెలుగు పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. యంత్రాల రాకతో పని కోల్పోయిన అక్కడి కాంట్రాక్టు కూలీల ఆందోళన 1978 ఏప్రిల్‌లో కిరందుల్ వద్ద పోలీసు కాల్పులకు దారితీసింది.

నియోగి యంత్రాలను పగులగొట్టమని పిలుపునీయలేదు. చదువు అంతగా లేని కార్మికులను కూర్చోబెట్టి లెక్కలు కట్టించారు. యంత్రాలపై పెట్టుబడి ఎంత, విడి భాగాలకు, ఇంధనానికి అయ్యే వ్యయమెంత, చేతితో ఏరిన ఖనిజం నాణ్యత ఏపాటిది, పని పోయే కుటుంబాలు ఎన్ని, అందులో మొదట వీధిన పడే స్త్రీలెందరు - ఇవన్నీ ఆ లెక్కలలోకి వచ్చాయి. ఖనిజం తవ్వడం, ఏరడం మనుషులే చేయాలని, నలగగొట్టడం వంటి పనులకు యంత్రాలను వాడవచ్చునని సంఘం పాక్షిక యంత్రీకరణ పథకాన్ని యాజమాన్యం ముందుంచింది. యాజమాన్యం దానికి సమ్మతించవలసి వచ్చింది. ఇంజనీర్లకే పరిమితమనుకున్న సాంకేతిక నిర్ణయంలో గని కూలీ భాగస్వామి కావడం మన కార్మికోద్యమ చరిత్రలో అరుదైన ఘట్టం.

అదే కార్మికులు మద్యపానాన్ని మానిపించే ఉద్యమం నడిపారు. తమ చందాలతో, తమ శ్రమతో ఆసుపత్రి కట్టుకొని, 1977 మృతుల స్మృతిలో 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రిగా ప్రారంభించారు.

1990లో నియోగి భిలాయి ప్రైవేటు కర్మాగారాలలోని కాంట్రాక్టు కార్మికుల పక్షాన నిలిచారు. స్థిరమైన ఉద్యోగం, బ్రతకడానికి చాలిన వేతనం వారి కోరికలు. 1991లో ఆయనను మళ్ళీ జైలులో పెట్టారు. జిల్లా నుండి బహిష్కరించే ప్రయత్నం కూడా జరిగింది. ఆ సెప్టెంబరులో కార్మికులను వెంటబెట్టుకొని ఢిల్లీ వచ్చి రాష్ట్రపతి వెంకట్రామన్‌కు మొర పెట్టుకున్నారు. తిరిగి వెళ్ళిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలోని హడ్కో ఇంట్లో నిద్రిస్తుండగా కిటికీ గుండా తుపాకీతో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయస్సు 48.

తన ప్రాణానికి ముప్పు ఉన్నదని ఎరిగిన నియోగి ఆ సంగతిని తన కంఠంతోనే టేపు రికార్డరులో భద్రపరచి వెళ్ళారు. 1997లో సెషన్స్ కోర్టు ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా పలువురికి శిక్ష వేసింది. మరుసటి ఏడు హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. 2005 జనవరిలో సుప్రీం కోర్టు కాల్చిన వ్యక్తికి మాత్రమే యావజ్జీవ శిక్ష విధించి, తక్కినవారి విడుదలను ఖాయపరచింది.

ఆ టేపు నాటి నుండి నేటి కంప్యూటరు వరకు వచ్చిన మార్పును గమనించాలి. నాడు యంత్రం బాధితుని మాటను దాచిపెట్టింది. నేడు మనిషికి తెలియకుండా అతని పేరిట మాటలను సృష్టించగల స్థితికి చేరింది. నియోగి సంఘంలో ఏళ్ళ తరబడి పనిచేసిన న్యాయవాది సుధా భరద్వాజ్‌ను, మన వరవరరావుతో పాటు 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. ఆ కేసులో మరొక నిందితుడైన రోనా విల్సన్ కంప్యూటరులోకి పత్రాలను బయటి నుండి చొప్పించారని ఆర్సెనల్ అనే అమెరికన్ సంస్థ 2021లో నివేదించింది. దర్యాప్తు సంస్థ దానిని ఒప్పుకోలేదు. పెగాసస్ ఆరోపణలపై జస్టిస్ ఎన్.వి.రమణ నాయకత్వంలోని ధర్మాసనం నియమించిన సంఘం పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించిందని, అది పెగాససేనని తేలలేదని, ప్రభుత్వం ఆ సంఘానికి సహకరించలేదని 2022 ఆగస్టులో సుప్రీం కోర్టులో వెల్లడైంది.

షహీద్ ఆసుపత్రి తెరచిన 1983లోనే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి నాంది పలికారు. ప్రోగ్రాములోని ప్రతి ఆదేశాన్నీ వాడేవాడు చదివి, మార్చుకొనే హక్కు ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఆ భావాన్ని తెలుగువారి మధ్యకు తెచ్చింది. దల్లీ కూలీలు యంత్రం లెక్కలు బయట పెట్టమన్నారు. వీరు యంత్రం లోపలి ఆదేశాలు బయట పెట్టమంటున్నారు. రెండు కోరికలలోనూ న్యాయం ఒక్కటే.

కాని ఈ ఇరువురూ ఒకరినొకరు ఎరుగరు. డిజిటల్ స్వేచ్ఛ చదువుకున్నవారి సభామందిరాలలో మిగిలిపోతున్నది. కార్మిక సంఘాలకు అది తమ సమస్యగా ఇంకా తోచడం లేదు. ఏటా సెప్టెంబరు 28న ఛత్తీస్‌గఢ్ కార్మికులు ఎరుపు, ఆకుపచ్చ జెండాలతో నియోగిని స్మరించుకుంటారు. ఆ ఊరేగింపులో కంప్యూటరు పనివారు కూడా కలిసి నడచిన నాడు ఆయన మొదలుపెట్టిన లెక్క ముందుకు సాగుతుందని నా నమ్మకం.