రేమండ్ పెర్ల్

రేమండ్ పెర్ల్ (జూన్ 3, 1879 - నవంబర్ 17, 1940) అమెరికాకు చెందిన జీవశాస్త్రవేత్త, గణాంకవేత్త. మానవుని ఆయుర్దాయం వంశపారంపర్యంగా సంక్రమిస్తుందా అనే ప్రశ్నను ప్రయోగాల ద్వారాను, కుటుంబ చరిత్రల ద్వారాను పరిశీలించిన తొలితరం శాస్త్రజ్ఞులలో ఈయన ముఖ్యుడు. దీర్ఘాయువుకు మూలం పుట్టుకలోనే ఉన్నదని పెర్ల్ విశ్వసించాడు. అయితే పొగాకు అలవాటు ఆయువును ఎంతగా హరిస్తుందో తొలిసారిగా అంకెలతో చూపినవారిలో కూడా ఈయన ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

పెర్ల్ న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్‌లో జన్మించాడు. 1899లో డార్ట్‌మత్ కళాశాలలో పట్టభద్రుడై, 1902లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1903లో మాడ్ డివిట్‌ను వివాహమాడాడు. 1905-06లో లండన్ వెళ్ళి కార్ల్ పియర్సన్ వద్ద గణాంక పద్ధతులను అభ్యసించాడు. జీవశాస్త్ర సమస్యలను లెక్కలతో పరిష్కరించవచ్చుననే నమ్మకం ఈయనకు అక్కడే కలిగింది.

కోళ్ళపై పరిశోధన

1907 నుండి 1918 వరకు పెర్ల్ మెయిన్ రాష్ట్ర వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో పనిచేశాడు. అక్కడ అంతకుముందు కొన్ని సంవత్సరాలుగా ఎక్కువ గ్రుడ్లు పెట్టే కోళ్ళనే ఎంపికచేసి వాటి సంతతిని పెంచుతున్నారు. అయినప్పటికీ మంద మొత్తం మీద గ్రుడ్ల సంఖ్య పెరగలేదు. తల్లి కోడి గొప్పతనాన్ని చూసి పిల్లల గుణాన్ని నిర్ణయించలేమని, పిల్లలను పరీక్షించిన తరువాతనే తల్లిదండ్రుల విలువ తెలుస్తుందని పెర్ల్ గ్రహించాడు. పైకి కనిపించే గుణం వేరు, సంతతికి అందే గుణం వేరు అనే ఈ భేదం ఈయన తరువాతి ఆలోచనలను ప్రభావితం చేసింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఆహార పాలనా సంస్థలో గణాంక విభాగానికి అధిపతిగా ఉన్నాడు. 1918లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. 1919 నవంబరులో జరిగిన అగ్నిప్రమాదంలో అప్పటి వరకు సేకరించిన పరిశోధన పత్రాలు కాలిపోగా, పనిని మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది.

ఆయుర్దాయంపై పరిశోధనలు

పెర్ల్ తన సహాయకులతో కలిసి వేలాది పండ్ల ఈగలను సీసాలలో పెంచి, ఒక్కొక్క ఈగ ఎన్ని రోజులు జీవించిందో నమోదు చేశాడు. ఎక్కువకాలం జీవించే ఈగల జాతిని, పొట్టి రెక్కలు కలిగి త్వరగా మరణించే జాతితో సంకరం చేసినపుడు తరువాతి తరాలలో ఆయుర్దాయం మెండెల్ సూత్రాలకు అనుగుణంగా సంక్రమించినట్లు కనుగొన్నాడు. 1922లో ప్రచురించిన "మరణ జీవశాస్త్రం" అనే గ్రంథంలో, టెలిఫోను ఆవిష్కర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ హైడ్ అనే వంశంపై 1918లో ప్రకటించిన ఆయుర్దాయ వివరాలను కూడా చర్చించాడు.

1928లో "జీవన వేగం" సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. శరీరం శక్తిని ఎంత వేగంగా ఖర్చు చేస్తే ఆయువు అంత త్వరగా ముగుస్తుందని దీని సారాంశం. అంతకుముందు జర్మన్ శాస్త్రజ్ఞుడు మాక్స్ రుబ్నర్ చెప్పిన భావానికి ఇది కొనసాగింపు. శక్తిని వేగంగా ఖర్చుచేసే పక్షులు, గబ్బిలాలు తమ పరిమాణంతో పోలిస్తే చాలా ఎక్కువకాలం జీవించడం వంటి కారణాల వలన ఈ సిద్ధాంతం తరువాతి కాలంలో నిలువలేదు.

తొంభై సంవత్సరాలు దాటినవారి కుటుంబ వివరాలను సేకరించి, కుమార్తె రూత్‌తో కలిసి 1934లో "దీర్ఘాయుష్మంతుల పూర్వీకులు" అనే గ్రంథాన్ని వెలువరించాడు. ఇందుకోసం ఒక సులభమైన కొలమానాన్ని రూపొందించాడు. తల్లి, తండ్రి, ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ - ఈ ఆరుగురి మరణ వయస్సులను కలిపితే వచ్చే మొత్తమే ఆ కొలమానం. దీర్ఘాయుష్మంతుల విషయంలో ఈ మొత్తం ఇతరులకంటే ఎక్కువగా ఉన్నది. అయితే ఒకే కుటుంబంలోనివారు ఆహారాన్ని, అలవాట్లను, ఆర్థిక స్థితిని కూడా పంచుకుంటారు. కనుక ఈ పోలిక అంతా జన్యువుల వలననే అని చెప్పడానికి ఈ పద్ధతి చాలదు.

మద్యం, పొగాకు

అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్న 1926లో "మద్యం - ఆయుర్దాయం" అనే గ్రంథాన్ని ప్రచురించాడు. అతిగా త్రాగేవారి ఆయువు తగ్గుతుందని, మితంగా త్రాగేవారిలో అటువంటి తగ్గుదల కనిపించలేదని వ్రాశాడు. 1938లో 6,813 మంది పురుషుల వివరాలతో పొగాకుపై పత్రాన్ని ప్రకటించాడు. 30 ఏళ్ళ వయసున్న లక్షమందిలో 60 ఏళ్ళ వరకు జీవించేవారు పొగత్రాగనివారిలో సుమారు 66 వేలు, మితంగా త్రాగేవారిలో సుమారు 62 వేలు, అతిగా త్రాగేవారిలో సుమారు 46 వేలు అని లెక్కగట్టాడు. పొగాకు హానిని నిర్ధారించిన పెద్ద అధ్యయనాలు 1950 తరువాతనే వెలువడ్డాయి.

వివాదాలు

పెర్ల్ తొలుత సుజననవాదాన్ని సమర్థించాడు. 1927లో "అమెరికన్ మెర్క్యురీ" పత్రికలో వ్రాసిన వ్యాసంలో దానిని తీవ్రంగా విమర్శించాడు. గొప్పవారి తల్లిదండ్రులు చాలావరకు సామాన్యులేనని చూపుతూ, సుజననవాదులు విజ్ఞానాన్ని వర్గ, జాతి దురభిమానాలతో కలగలిపారని ఆక్షేపించాడు. అయితే జాతి విషయంలో ఈయన స్వంత దురభిప్రాయాలు పూర్తిగా తొలగలేదని తరువాతి చరిత్రకారులు చూపారు.

1929లో క్యాన్సర్, క్షయ ఒకే వ్యక్తిలో అరుదుగా కలిసి ఉంటాయని శవపరీక్షల ఆధారంగా ప్రకటించాడు. పోల్చిన సమూహం ఎంపికలోని లోపం వలన ఈ నిర్ణయం తప్పని తేలింది. అదే సంవత్సరం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఈయనకు నిశ్చయమైన పదవి, గణాంకవేత్త ఇ.బి. విల్సన్ తదితరుల వ్యతిరేకత వలన చేజారింది.

ఇతర విశేషాలు, మరణం

1926లో "క్వార్టర్లీ రివ్యూ ఆఫ్ బయాలజీ", 1929లో "హ్యూమన్ బయాలజీ" పత్రికలను స్థాపించాడు. 1939లో అమెరికన్ గణాంక సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. రచయిత హెచ్.ఎల్. మెంకెన్ ఈయనకు సన్నిహిత మిత్రుడు. వారి శనివారపు సంగీత గోష్ఠులలో పెర్ల్ ఫ్రెంచ్ హార్న్ వాయించేవాడు. 61 సంవత్సరాల వయసులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో మరణించాడు.

తరువాతి పరిశోధనలు

1988లో ఒక చిన్న నులిపురుగులో ఒకే జన్యువు మార్పుతో ఆయుర్దాయం పెరుగుతుందని తేలింది. 1996లో డెన్మార్క్ కవలలపై జరిగిన అధ్యయనం మానవుల ఆయుర్దాయ భేదాలలో వంశపారంపర్యం వాటా సుమారు నాలుగవ వంతు అని అంచనా వేసింది. 2008లో హవాయిలో దీర్ఘాయుష్మంతులైన పురుషులలో ఫాక్సో3 జన్యువు పాత్ర బయటపడింది. 2018లో లక్షలాది వంశవృక్షాలను పరిశీలించినవారు, రక్తసంబంధం లేని భార్యాభర్తల ఆయువులలో కూడా పోలిక ఉండడం గమనించి, వంశపారంపర్యం వాటా పది శాతం లోపేనని లెక్కగట్టారు. పెర్ల్ ఆరుగురి వయస్సులను కలిపి కొలవజూచిన వాటా ఎంత అనే ప్రశ్నకు పద్ధతిని బట్టి సమాధానం మారుతూనే ఉన్నది.